అడవిదారి బ్రతుకుదారి కాగలదా?

ప్రతి సంవత్సరం ప్రవేశాల సమయంలో మన కళాశాల వరండాలో నిలబడిన తండ్రుల నోట ఒకే ప్రశ్న వినవస్తుంది. "ఈ కోర్సు చదివితే మా వాడికి ఏ ఉద్యోగం వస్తుంది, సార్?" ఆ ప్రశ్నను చిన్నచూపు చూచే అధికారం మనకు లేదు. ఆటో నడిపి, కుట్టుమిషను త్రొక్కి, చిన్న దుకాణం పెట్టుకొని కూడబెట్టిన సొమ్ముతో ఫీజు కట్టే మనిషికి ఆ మాట అడిగే హక్కు ఉన్నది. అయితే మనం చెప్పే జవాబుల జాబితాయే మరీ చిన్నది. కంప్యూటరు, బ్యాంకు, బడిపంతులు ఉద్యోగం, ఏదీ కుదరకపోతే గల్ఫ్ ప్రయాణం. ఈ నాలుగింటికి వెలుపల కూడా గౌరవప్రదమైన జీవనమార్గాలు ఉన్నవి. వాటిలో ఒకటైన వన్యప్రాణి సంరక్షణను గూర్చి, అందునా ఒక వృత్తిలో కుదురుకొన్న పిమ్మట దానిని విడిచి ఈ దారి పట్టదలచిన వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే ఈ వ్యాసం.

ఈ ఆలోచన నాకు పుస్తకాల నుండి రాలేదు. నా దగ్గర తెలుగు చదివిన ఒక పూర్వ విద్యార్థి వలన వచ్చింది. అతడు బి.కాం. పూర్తిచేసి, నగరంలోని ఒక బట్టల దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నాడు. అనుభవజ్ఞుడైన ఒక పెద్దమనిషి వెంట తిరిగి పాములను గాయపరచకుండా పట్టి అడవిలో వదలుట నేర్చుకొన్నాడు. 2023 జూలైలో కుండపోత వర్షాలకు మన నగరంలోని పల్లపు కాలనీలు నీట మునిగినప్పుడు, ఇళ్ళలోకి కొట్టుకొనివచ్చిన పాముల కోసం ఆ పెద్దమనిషితో కలిసి రాత్రిళ్ళు తిరిగాడు. ఆ వానలు వెలిసిన కొన్ని రోజులకు మా ఇంటికి వచ్చి, చాయ్ త్రాగి, చాలాసేపు ఊరకే కూర్చున్నాడు.

"సార్, ఒక మాట అడుగుతాను. నవ్వరు గదా?" అన్నాడు చివరకు. "దుకాణం మానేసి అడవి పనిలోకి పోదామనుకుంటున్నాను. మా అబ్బాజాన్ పాస్‌పోర్టు తీయించి సిద్ధంగా పెట్టిండు. దుబాయి పొమ్మంటున్నడు. మీరు ఒక్క మాట చెప్తే వింటడు."

నేను నవ్వలేదు. కాని నవ్వినంత పని చేశాను. "ముందు దుబాయి పోయి నాలుగు డబ్బులు సంపాదించుకో. పాములు ఎక్కడికీ పోవు" అన్నాను.

అతడు లేచి చెప్పులు తొడుగుకొంటూ, "పోతున్నయి సార్, అదే నా బాధ" అని సెలవు తీసికొన్నాడు.

ఆ మాట చాలా దినాలు నన్ను వదలలేదు. బోధించేవాడిని నేను, ఆనాడు పాఠం చెప్పినవాడు అతడు. నా సలహా వివేకమైనదా, కేవలం పిరికిదా అని తేల్చుకొనుటకు, ఇటువంటి దారిలో నడిచిన వారి జీవితాలను చదువ మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక జీవితం మన విద్యార్థులకు మిక్కిలి దగ్గరగా తోచింది. అది డాక్టర్ సలీం అలీ జీవితం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో బొమ్మ తుపాకితో కొట్టిన ఒక పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించగా, అది ఏ జాతిదో తెలుసుకొనుటకు మేనమామ ఆ బాలుని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. కార్యదర్శి మిల్లార్డ్ దొర విసుగుకొనక, భద్రపరచిన పక్షుల సొరుగులు తెరిచి ఒక్కొక్కటే చూపారు. ఈ కథ అందరికీ తెలిసినదే. పిచ్చుకను చూచిన మరునాడే ఆయన పక్షిశాస్త్రవేత్త అయినట్లు పాఠ్యపుస్తకాలు చెప్పుచుంటవి. తరువాతి ఇరవై సంవత్సరాల తడబాటును గూర్చి అంతగా చెప్పవు. మన విద్యార్థులకు పనికివచ్చేది ఆ తడబాటే.

కళాశాల చదువు మధ్యలో విడిచిపెట్టి ఆయన బర్మాలోని టవాయ్‌కి వెళ్ళారు. అక్కడ కుటుంబం వారికి ఖనిజపు గనులు, కలప వ్యాపారం ఉండేవి. 1917లో తిరిగివచ్చి డావర్స్ కళాశాలలో వాణిజ్య న్యాయము, అకౌంటెన్సీ చదివారు. బి.కాం. విద్యార్థులారా, గమనించండి. భారతదేశపు పక్షులకు పెద్దదిక్కైన మనిషి ఒకప్పుడు మీవలెనే జమాఖర్చుల పద్దులు నేర్చినవారు. అదే కాలంలో సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం కూడా అభ్యసించారు. 1918లో తెహమీనా బేగంతో వివాహమైంది. మరల బర్మా వెళ్ళారు. వ్యాపారం నిలువలేదు. చేతిలో వ్యాపారం లేక, విశ్వవిద్యాలయపు పట్టా లేక బొంబాయి చేరారు. ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగానికి ప్రయత్నించగా, తగిన డిగ్రీ లేదన్న కారణాన అది దక్కలేదు.

1926లో, సుమారు ముప్పదియేండ్ల వయస్సున, బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు ప్రకృతి విభాగాన్ని వివరించే గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. అంతటితో తృప్తిపడి ఉంటే జీవితం సుఖంగానే గడిచేది. కాని తనకు తెలిసినది చాలదని ఆయనకు తెలుసు. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి, ప్రొఫెసర్ స్ట్రెసెమన్ వద్ద శిష్యునిగా చేరారు. తిరిగి వచ్చేసరికి నిధుల కొరత పేరుతో మ్యూజియంలోని ఆ ఉద్యోగమే తీసివేయబడింది. ముప్పదినాలుగేండ్ల గృహస్థు, పెద్ద విద్వాంసుని వద్ద శిక్షణ పొందినవాడు, నిరుద్యోగి. ఆ స్థితిలో దంపతులు బొంబాయికి దగ్గరలోని కిహీం అనే సముద్రతీర గ్రామానికి తరలిపోయారు. అక్కడ చెట్లకు వ్రేలాడే గిజిగాని గూళ్ళను నెలల తరబడి పరిశీలించి ఆయన వ్రాసిన వ్యాసం శాస్త్రలోకంలో పేరు తెచ్చింది. ఉర్దూలో 'బయా' అనీ తెలుగులో 'గిజిగాడు' అనీ మనం పిలిచే ఆ చిన్న పిట్టయే ఆయనకు ప్రతిష్ఠ తెచ్చిపెట్టింది.

తరువాతి ఘట్టం మన గడ్డమీదనే జరిగింది. దేశంలో పక్షుల వివరాలు సరిగా నమోదుకాని ప్రాంతాలను సర్వే చేసే పనికి ఆయన పూనుకొన్నారు. తన శ్రమకు జీతం అక్కరలేదనీ, గుడారాల ఖర్చు, ప్రయాణపు ఖర్చు భరిస్తే చాలుననీ సంస్థానాలకు ప్రతిపాదించారు. 1931-32లో హైదరాబాద్ సంస్థానపు పక్షి సర్వే ఆ విధంగా జరిగింది. నాడు మన వరంగల్లు ఆ సంస్థానంలోని భాగమే. ఆ సర్వే ఫలితాలు బొంబాయి సొసైటీ పత్రికలో వరుసగా వెలువడి, నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తున్నవి. గుడారపు జీవితాన్ని, ఎద్దుబండ్ల ప్రయాణాలను ఫిర్యాదు లేకుండా పంచుకొన్న తెహమీనా బేగం 1939లో మరణించారు. సలీం అలీ పేరు తలచినప్పుడు ఆమె పేరును కూడా తలచుట మన ధర్మం. వృత్తి మార్చుకొన్నవాడు ఒక్కడే. ఆ మార్పు వెల చెల్లించినవారు ఇద్దరు.

మిగిలినదంతా చరిత్ర. 1941లో భారతీయ పక్షులపై ఆయన గ్రంథం వెలువడింది. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల మహాగ్రంథం పూర్తిచేశారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించినవి. 1976లోనే వచ్చిన అంతర్జాతీయ గెట్టీ బహుమతి సొమ్మును ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చివేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987లో కన్నుమూశారు. ఆయన పేరిట 1990లో కోయంబత్తూరులో పరిశోధనా కేంద్రం వెలసింది.

ఈ జీవితం నుండి నేను గ్రహించినది ఒక్కటే. ప్రేమ ఆయనను అడవి గుమ్మం వరకు తీసికొనిపోయింది. లోపలికి పంపినది చదువు. పిచ్చుకను చూచి జాలిపడినవారు లక్షలమంది ఉందురు. ముప్పదిరెండేండ్ల వయస్సులో, భార్యను వెంటబెట్టుకొని, పరాయి దేశంలో తిరిగి విద్యార్థిగా కూర్చొనగలవారు అరుదు. కనుక ఉద్యోగం విడిచే ముందు మన యువకుడు వేసుకొనవలసిన ప్రశ్న "నాకు జంతువులంటే ఎంత ఇష్టం?" అన్నది కాదు. "వాటిని గూర్చి మరల మొదటినుండి నేర్చుకొనుటకు నేను సిద్ధమేనా?" అన్నది.

అయితే చదువు అనగానే డిగ్రీ కాగితం అని పొరబడరాదు. మన రాష్ట్రాల చరిత్రలోనే దీనికి చక్కని నిదర్శనం గలదు. మద్రాసు సైన్యంలో వైద్యునిగా పనిచేసిన జెర్డాన్ దొర 1848లో ఒక అపురూపమైన పక్షిని లోకానికి పరిచయం చేశాడు. ఉద్యోగం చేసికొంటూనే ప్రకృతిశాస్త్రానికి జీవితాన్ని అర్పించినవాడు ఆయన. తెలుగువారు కలివికోడి అని పిలిచే ఆ పక్షి 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. నశించిపోయినదనే శాస్త్రజ్ఞులు భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా అడవులలో అది తిరిగి దొరికింది. దానిని వెదుకుతూ వచ్చినది బొంబాయి సొసైటీ పరిశోధకుడు. రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి ఇచ్చినది మాత్రం ఆ ప్రాంతపు వేటగాడు. శాస్త్రం ఎనిమిది దశాబ్దాలు పోగొట్టుకొన్న పక్షి జాడ, పట్టా లేని ఆ మనిషికి తెలుసు. ఆ దొరుకుదల వల్లనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

తమిళనాట ఇరులర్ల కథ కూడా ఇటువంటిదే. తరతరాలుగా పాములను పట్టి చర్మాలమ్మి బ్రతికిన ఆ గిరిజనులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత జీవనాధారం పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వారు సహకార సంఘం పెట్టుకొన్నారు. పామును పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదలుట వారి క్రొత్త వృత్తి. ఆ విషంతోనే మన ఆసుపత్రులకు పాముకాటు మందు తయారవుతున్నది. ఈ దేశంలో పాముకాటు వలన సగటున ఏటా సుమారు 58,000 మంది మరణించుచున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అనగా ఇరులర్ల వృత్తి మార్పు పాములను మాత్రమే గాక మనుష్యులను కూడా కాపాడుచున్నది. నల్లమల పులుల అడవులలో కాపలా శిబిరాలలో పనిచేయుచున్న చెంచులను కూడా ఈ సందర్భంలో స్మరింపవలెను. అడవిని వారికంటె ఎక్కువగా ఎరిగిన ఆచార్యుడు ఏ విశ్వవిద్యాలయంలోనూ లేడు.

ఇక రెండవ ప్రక్క కూడా చెప్పకపోతే నేను విద్యార్థులను మోసగించినవాడనగుదును. అడవిలో ఉద్యోగం సినిమాలలో చూపినట్లు ఉండదు. క్రింది స్థాయి పనులలో చాలవరకు తాత్కాలికమైనవి, జీతం స్వల్పం. పండుగనాడు ఇంట ఉందుమన్న హామీ లేదు. అడవినే నమ్ముకొన్న పేదవాని పోడు సేద్యానికీ, అడవిని కాపాడవలసిన ఉద్యోగికీ మధ్య నిత్యం ఘర్షణ. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక అటవీ రేంజి అధికారి విధినిర్వహణలోనే హత్యకు గురయ్యారు. ఆకలిగొన్న మనిషికీ, మాటలేని జంతువుకూ నడుమ నిలిచి ఇరువురికీ న్యాయం చేయవలసిన ఉద్యోగం అది. జంతువులపై ప్రేమతో పాటు మనుష్యులపై ఓర్పు లేనివాడు ఆ పనికి తగడు. అట్లే, శిక్షణ లేకుండా, అటవీశాఖ అనుమతి లేకుండా పాములు పట్టుట సాహసం కాదు, నేరము, ప్రాణాంతకము. సెల్‌ఫోనులో చిత్రం తీయించుకొనుటకు నాగుపామును మెడలో వేసికొనే వారిని చూచి మన విద్యార్థులు మురిసిపోరాదు.

మరొక మాట. సంరక్షణ అడవిలోనే మొదలుకాదు. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని తెలంగాణమంతటా నమ్ముతారు. ఉర్దూలో నీల్‌కంఠ్ అనే ఆ పక్షి మన రాష్ట్ర పక్షి కూడా. ఆ ఒక్కనాటి చూపు కోసం దానిని ముందే పట్టి, రెక్కలు కదలకుండా చేసి, పంజరంలో పెట్టి వీధులలో చూపి డబ్బు తీసికొనేవారు ఉన్నారు. మన ఇళ్ళ వసారాలలో పంజరపు చిలుకలు ఎన్ని లేవు? 'మియా మిఠ్ఠూ' అని ముద్దుగా పిలిచి మిరపకాయ తినిపించినంత మాత్రాన చెర చెర కాకుండా పోదు. అడవిచిలుకను పట్టి అమ్ముట, పెంచుట చట్టరీత్యా నేరమని మనలో ఎందరికి తెలుసు? ఇంటిలోని పంజరం తలుపు తీయలేని వారు నల్లమల పులిని కాపాడుదుమనుట హాస్యాస్పదం.

ఇప్పుడు విద్యార్థులకు కొన్ని ఆచరణయోగ్యమైన విషయాలు చెప్పుదును. భారత అటవీ సర్వీసు పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాల వంటి నిర్ణీత విషయాలలో ఒకటైనా చదివి ఉండవలెను. లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగు పట్టా ఉండవలెను. ఇంటర్మీడియట్‌లో గ్రూపు ఎంచుకొనే నాడు ఈ సంగతి తెలియక, తరువాత విచారించినవారు ఉన్నారు. బీట్ ఆఫీసరు ఉద్యోగాలకు మన రాష్ట్రంలో 2017లో వెలువడిన ప్రకటనలో ఇంటర్మీడియట్ చాలునన్నారు. కాని పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడువవలెను. మన అమ్మాయిలు ఈ రెండవ అంకెను ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెనని నా కోరిక. పశువైద్య కళాశాల మనకు కూతవేటు దూరంలో మామునూరులోనే ఉన్నది. ఫారెస్ట్రీలో బి.ఎస్సీ. కొరకు సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల గలదు. పేరు విని మన ములుగు అని పొరబడరాదు. ఉన్నత విద్యకు డెహ్రాడూన్‌లో 1982లో స్థాపించిన భారత వన్యప్రాణి సంస్థ ఉన్నది. హైదరాబాద్‌లో సి.సి.ఎం.బి. వారి 'లాకోన్స్' ప్రయోగశాల అంతరించిపోవుచున్న జంతువులపై పరిశోధించుచున్నది. ఉద్యోగం విడువలేనివారు జెర్డాన్ మార్గం పట్టవచ్చును. ఆదివారాలు ఎవరూ లాగుకొనరు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి క్లుప్తంగా మూడు. మొదటిది, గ్రంథాలయంలో సలీం అలీ పుస్తకాలకు, తెలుగు ఉర్దూ భాషలలో ప్రకృతి గ్రంథాలకు ఒక అర కేటాయించవలెను. రెండవది, విహారయాత్ర పేరిట ఏటా చేసే ఖర్చులో కొంత భాగంతో విద్యార్థులను పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలకు తీసికొనిపోయి, చూచిన పక్షుల పేర్లను రెండు భాషలలోనూ ఒక రిజిస్టరులో వ్రాయించవలెను. కాకతీయుల నాటి చెరువు, దాని చుట్టూ అడవి మన జిల్లాలోనే ఉండగా దూరపు నగరాల దుకాణాల వీధులు చూపుట దేనికి? మూడవది, ప్రవేశాల సమయంలో ఒక అధ్యాపకుని సలహాదారుగా కూర్చుండబెట్టి, ఏ గ్రూపు ఏ దారికి పోవునో తల్లిదండ్రులకు విడమరచి చెప్పించవలెను. ఈ మూడింటికి అయ్యే వ్యయం మన వార్షికోత్సవపు షామియానా ఖర్చును మించదు.

ఇక నా పూర్వ విద్యార్థి సంగతి. అతడు దుబాయి పోలేదు. దుకాణమూ మానలేదు. పగలు లెక్కలు వ్రాస్తూ, రాత్రి పరీక్షకు చదువుతూ, తెల్లవారుజామున భద్రకాళి బండ్ మీద వేగంగా నడుస్తున్నాడు. ఫలితం ఎట్లుండునో నేను చెప్పలేను. కాని ఈసారి అతని తండ్రిని నేనే వెళ్ళి కలిశాను. ఆయన చాలాసేపు విని, "జీతం తక్కువే గదా, సార్?" అన్నారు. "తక్కువే" అన్నాను. "పని హలాలేనా?" అన్నారు. "అంతకంటె హలాల్ పని నాకు తెలియదు" అన్నాను. ఆయన పాస్‌పోర్టును బీరువాలో పెట్టించారు. చించివేయలేదు, అది కూడా తండ్రి వివేకమే.

వచ్చే జూన్‌లో ఎవరైనా తండ్రి మరల ఆ పాత ప్రశ్న అడిగినప్పుడు, నా జవాబుల జాబితాలో ఐదవది కూడా ఉంటుంది.